ఎంపిక మిగిల్చే ఉద్యోగం

(టాటానగర్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తనకు తగిన, తృప్తినిచ్చే ఉద్యోగాన్ని ఎలా వెతుక్కోవాలన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. దీని మీద పుస్తకాలకూ వీడియోలకూ కొదవలేదు. అన్నిటిలోనూ మొదటి సలహా ఒకటే: మీకేది ఇష్టమో తెలుసుకోండి, ఆ దారిలో వెళ్ళండి. సలహా చెడ్డదని నేననను. కానీ ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ ఉందని ముందే అనుకుని ఇచ్చే సలహా అది. మన ఇళ్ళలోకి ఆ స్వేచ్ఛ ఎప్పుడొచ్చింది, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది? ఈ లెక్క చూసుకోకుండా ఇష్టాయిష్టాల గురించి మాట్లాడుకుంటే వింటున్నంతసేపు బాగానే ఉంటుంది, ఇంటికి వెళ్ళాక ఎందుకూ పనికిరాదు.

నేను చెప్పదలచుకున్నది ముందే ఒక్క ముక్కలో చెబుతాను. మనకు తగిన ఉద్యోగం అంటే, రేపు ఇంకొకటి ఎంచుకునే శక్తిని మన చేతిలోనే ఉంచే ఉద్యోగం. జీతం, హోదా, పేరు ఇవన్నీ అవసరమే, కానీ ఆ తర్వాతే. ఎందుకలా అంటున్నానో ఈ ఊరి నుంచే మొదలుపెడతాను.

కంపెనీ ఊరు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో పుట్టింది. అప్పటికి ఇక్కడ సువర్ణరేఖ, ఖర్కాయి నదుల దగ్గర సాక్చి అనే పల్లె, చుట్టూ ఆదివాసీల ఊళ్ళు, పొలాలు, అడవి ఉండేవి. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. మన జిల్లాలవాళ్ళు ఆ స్టేషన్ పేరునే ఊరి పేరు చేసుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు "మా వాడు టాటాలో ఉన్నాడు" అంటే చాలు, ఎక్కడని ఎవరూ అడగరు.

మా తాత అలా "టాటాకి" వచ్చినవాడే. 1950లలో రెండు మిలియన్ టన్నుల విస్తరణ పనులు జరుగుతున్న రోజుల్లో కాంట్రాక్టరు కింద మట్టి మోయడానికి వచ్చి, తర్వాత పర్మినెంట్ అయ్యాడు. ఊళ్ళోనే ఉండి ఉంటే ఆయన కామందు ఇంట్లో కంబారి. ఆయన తండ్రీ కంబారే. ఆయన పుట్టకముందే ఆయన చెయ్యాల్సిన పని తేలిపోయింది. ఇక్కడ పని తేలికేమీ కాదు. అయినా "భోంపు మోగాక నేనెవడికీ కంబారిని కాను" అనేవాడు. ఈ కంపెనీలో ఎనిమిది గంటల పని 1912 నుంచే అమల్లో ఉంది. దేశంలో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలన్నిటికీ వారానికి 48 గంటల పరిమితి చట్టంగా రావడానికి 1946 దాకా పట్టింది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది బాబాసాహెబ్ అంబేడ్కర్. పని గంటలకు ఒక హద్దు ఉండటం, ఆ హద్దు దాటాక మనిషి తనకు తాను మిగలడం ఎంత పెద్ద విషయమో మా తాత ఏ పుస్తకమూ చదవకుండానే గ్రహించాడు.

మా నాన్న తాత తర్వాత అదే కంపెనీలో చేరాడు. ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం ఇచ్చే ఆనవాయితీ ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే. దాని విలువ నేను తక్కువ చేయను. క్వార్టర్, ఆసుపత్రి, నెల తిరిగేసరికి జీతం, పిల్లలకు బడి. నేను ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానంటే దాని వల్లే. కానీ మా నాన్నకు ఏ పని ఇష్టమని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఒకటి ఉంటుందని ఆయనకూ తోచలేదు. కులం ఇచ్చిన పనిలో నుంచి బయటపడటం ఒక తరం పని. తానే ఎంచుకోవడం ఇంకో తరం పని. ఆ రెండో పని మీ తరం మీద పడింది.

పడక తప్పదు కూడా. 1990ల తర్వాత ఇక్కడ ఉక్కు ఉత్పత్తి పెరుగుతూ పోయింది, పర్మినెంట్ కార్మికుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. తండ్రి టోకెన్ కొడుక్కి వస్తుందన్న భరోసా మీద ఒక బతుకును కట్టుకునే రోజులు పోయాయి. చాలామంది పిల్లలకు మిగిలింది ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టు పని, లేదా బెంగళూరు రైలు.

బాబాసాహెబ్ దీన్ని ఎలా చూశారు

కెరీర్ గురించిన చర్చ మన ఉద్యమానికి బయటిదని కొందరు అనుకుంటారు. అది సొంత బాగు చూసుకునే మధ్యతరగతి గోల అంటారు. 1936లో వచ్చిన "కుల నిర్మూలన" మళ్ళీ తీసి చూడండి. లాహోర్‌లో చేయాల్సిన ఆ ప్రసంగాన్ని నిర్వాహకులు వద్దనుకుంటే ఆయనే అచ్చువేయించారు. అందులో కులం మీద ఆయన మొదట చేసే దాడుల్లో ఒకటి సరిగ్గా ఈ అంశం మీదే.

కులం అంటే పని విభజన మాత్రమే కదా అనేవాళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు మనందరికీ తెలుసు: అది పనిచేసే మనుషులనే విడదీసి మెట్లుగా పేర్చిన విభజన. కానీ ఆ వాదన అక్కడితో ఆగదు. మనిషికి తన వృత్తిని తానే ఎంచుకునే సామర్థ్యం, ఆ వృత్తిలో ఎదిగే సామర్థ్యం వచ్చేలా పెంచడమే సమాజం చేయాల్సిన పని అంటారు. కులం దానికి ఎదురు నడుస్తుంది. మనిషి శక్తి చూడదు, ఇష్టం చూడదు, తల్లిదండ్రుల స్థానం చూసి ముందే పని కేటాయిస్తుంది. పరిశ్రమలు ఎప్పుడూ ఒకేలా ఉండవు కాబట్టి మనిషి పని మార్చుకోగలగాలి. కులం ఆ మార్పును అడ్డుకుంటుంది గనుక నిరుద్యోగానికి కూడా కారణమవుతుంది. ఇంకొక మాట కూడా అంటారు. ఇష్టంలేని పనిలో, ఎప్పుడూ దాన్నుంచి తప్పించుకోవాలని చూసే స్థితిలో మనిషిని కట్టిపడేస్తే, ఆ పని మీద అతని మనసూ బుద్ధీ ఎలా నిలుస్తాయి అని.

అంటే ఇష్టం అనేది డబ్బున్నవాళ్ళ విలాసం కాదు. బాబాసాహెబ్ దాన్ని ప్రజాస్వామ్యం లెక్కలో వేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు "మనకెందుకు అవన్నీ, వచ్చిందేదో చెయ్యి" అన్నప్పుడు, వాళ్ళు పడ్డ కష్టాన్ని గౌరవిస్తూనే ఈ వాదన గుర్తు చేయండి. రోహిత్ వేముల సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడు. మన పిల్లల్లో ఇష్టం లేక కాదు, దాన్ని నిలవనిచ్చే చోటు లేక 2016 జనవరి 17న అతన్ని పోగొట్టుకున్నాం.

ఆయన ఉద్యోగాలు

ఇప్పుడు బాబాసాహెబ్ సొంత ఉద్యోగ జీవితం చూద్దాం. జయంతి సభల్లో డిగ్రీలు లెక్కబెడతాం గానీ, ఆయన ఉద్యోగాల మీద పెద్దగా మాట్లాడుకోం.

బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియాలో చదివారు. ఒప్పందం ప్రకారం 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరారు. పెద్ద హోదా. కానీ ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆఫీసులో ఫైళ్ళు దూరం నుంచి విసిరేవారు. ఆ ఉద్యోగం వదిలేశారు. బొంబాయిలో పెట్టుబడులపై సలహాలిచ్చే పని మొదలుపెడితే, ఆయన కులం తెలిశాక వచ్చేవాళ్ళు మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. పిల్లలు ఆయన పాఠాలు ఇష్టంగా వినేవారు, తోటి అధ్యాపకుల్లో కొందరికి మాత్రం ఆయన నీళ్ళకుండ ముట్టుకోవడం మీద అభ్యంతరం. జీతంలో మిగిల్చుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో, మిత్రుడు నావల్ భాతేనా ఇచ్చిన అప్పుతో 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. సత్రం నుంచి తరిమినవాళ్ళూ పార్సీలే, అప్పిచ్చిన మిత్రుడూ పార్సీయే. 1923లో తిరిగొచ్చి బొంబాయిలో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు.

అది లాభసాటి వృత్తి కాదు ఆయనకు. పెద్ద కేసులు ఇచ్చేవాళ్ళు రాలేదు. పేదల కేసులు, జిల్లా కోర్టుల కేసులు వచ్చాయి. ఇల్లు గడవడానికి అకౌంటెన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు కూడా చెప్పారు. కానీ తేదీలు చూడండి. 1923లో ప్రాక్టీసు, 1924లో బహిష్కృత హితకారిణీ సభ, 1927లో మహద్. సంస్థానం కొలువులో ఉండి మహద్ చెరువు దగ్గరకు వెళ్ళగలిగేవారా? ఆయన ఎంచుకున్న వృత్తి ఆయన సమయాన్ని ఆయనకే వదిలిపెట్టింది.

ఈ జీవితం నుంచి నాకు మూడు ప్రశ్నలు దొరికాయి. ఏ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నా వాటిని అడుగుతాను. ఒకటి, ఇక్కడ నేను నేనుగా, పేరూ ఊరూ దాచుకోకుండా ఉండగలనా? రెండు, ఇక్కడ నేర్చుకున్నది ఈ గేటు బయట కూడా పనికొస్తుందా, అంటే వదిలి వెళ్ళే శక్తి నాకు పెరుగుతుందా, తగ్గుతుందా? మూడు, పని అయ్యాక నాకూ నావాళ్ళకూ ఇవ్వడానికి సమయం, బుర్రలో కాస్త ఓపిక మిగులుతాయా? మూడింటికీ అవుననే ఉద్యోగం మొదటిసారే దొరకదు. రెండింటికి అవునంటే చేరండి. ఒక్కదానికీ రాకపోతే, జీతం ఎంతైనా, వెళ్ళే దారి చూసుకుంటూ చేయండి.

గేటు దగ్గర

ఒక సంగతి మాత్రం కళ్ళు మూసుకుని చెప్పలేను. మనం ఎంచుకున్నంత మాత్రాన అటువైపు వాళ్ళు మనల్ని ఎంచుకోరు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. పత్రికల్లో ప్రకటనలిచ్చిన ప్రైవేటు సంస్థలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. సవర్ణ పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అక్కడ ఇంకా ఇంటర్వ్యూ కూడా జరగలేదు, కేవలం పేరే. ఇంటర్వ్యూల దాకా వెళ్ళినవాళ్ళను "కుటుంబ నేపథ్యం" అడగడం మీద కూడా ఆ ఏడాదే పరిశోధనలు వచ్చాయి. అడిగేవాళ్ళకు అది మామూలు ప్రశ్న. మనకు మాత్రం అది కులం చెప్పమనడమే.

నేను డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్తే, లెక్కల గురించి రెండు ప్రశ్నలు, ఇంటిపేరు గురించి నాలుగు ప్రశ్నలు అడిగారు. ఉద్యోగం ఇచ్చారు, రెండేళ్ళు చేశాను. భోజనాల దగ్గర నా బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ రెండేళ్ళలో సాయంత్రాలు బస్తీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నాకు ఏ పని ఇష్టమో అక్కడ తెలిసింది. ఆలోచిస్తూ కూర్చుంటే తెలియలేదు, చేస్తుంటే తెలిసింది. డబ్బు కూడబెట్టుకుని ఎం.ఏ.లో చేరాను, ఫెలోషిప్ మీద పరిశోధన చేశాను, ఇప్పుడు ఎకనామిక్స్ చెబుతున్నాను. ఆ అకౌంట్స్ పని వృథా కాలేదు. పేస్లిప్ ఎలా చదవాలో, పీఎఫ్ ఎక్కడ కోత పడుతుందో నా విద్యార్థులకు చెప్పగలుగుతున్నాను.

కాగితం దగ్గర

టాటానగర్ తెలుగు దళిత విద్యార్థికి ఇంకో అడ్డు ఉంది. అది కాగితం. మాల, మాదిగ, రెల్లి కులాలు ఆంధ్ర ఎస్సీ జాబితాలో ఉన్నాయి, జార్ఖండ్ జాబితాలో లేవు. రాజ్యాంగంలోని 341, 342 అధికరణల ప్రకారం ఈ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. దీని మీద సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన ప్రధానమైన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్ళాడు. ఆంధ్రలో ఎస్టీ. బొంబాయిలో మెడికల్ సీటు అడిగితే, వలస వచ్చిన రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని కోర్టు తేల్చింది. 2018లో బీర్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది. రాష్ట్ర ఉద్యోగాలకు వలస వచ్చినవాళ్ళ హోదా చెల్లదు, అఖిల భారత స్థాయిలో జరిగే కేంద్ర సర్వీసుల నియామకాలకు మాత్రం దేశమంతటా చెల్లుతుంది.

కులం రైలెక్కి మనతోపాటు వచ్చింది. రక్షణ మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోయింది. పైగా చదువంతా ఇక్కడ జరిగింది కాబట్టి ఆంధ్రకు వెళ్తే "నాన్ లోకల్" అంటారు. ఇది మన పిల్లల తప్పు కాదు, చట్టంలోని ఖాళీ. ఆ ఖాళీ పూడ్చమని పార్లమెంటును అడగాల్సిన బాధ్యత ఈ గదిలో ఉన్న అధ్యాపకులది, లాయర్లది.

ఈలోగా విద్యార్థులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన కుల ధ్రువపత్రం ఉంటే, దాని ఆధారంగా వలస కుటుంబాల పిల్లలకు ఇక్కడి అధికారులూ పత్రం ఇవ్వవచ్చు. అది జార్ఖండ్ రిజర్వేషన్లకు పనికిరాదు, కేంద్రం దగ్గర పనికొస్తుంది. ఈ ఊళ్ళోనే చూడండి. 1950లో మొదలైన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ కేంద్ర సంస్థ. 1960లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీల తరంలో మొదలై ఇప్పుడు ఎన్ఐటీగా ఉన్నది కూడా కేంద్ర సంస్థే. ఒకే ఊళ్ళో, ఒకే పిల్ల, ఒక గేటు దగ్గర ఎస్సీ, ఇంకో గేటు దగ్గర జనరల్. ఏ గేటు ఏదో పదో తరగతిలోనే తెలిస్తే దరఖాస్తులు వేరేగా ఉంటాయి. ఇంటర్ అయ్యాక తెలిస్తే ఏడాది పోతుంది. కాబట్టి ఈ వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు పెళ్ళిళ్ళతోపాటు ఎమ్మార్వో ఆఫీసు పని కూడా చూసుకుని రండి.

వెతుక్కోవడం ఎలా

ఇక మిగిలింది, తగిన పని ఏదో ఎలా తెలుస్తుందని. నా అనుభవంలో నుంచి కొన్ని మాటలు చెబుతాను.

పనిని దగ్గర నుంచి చూడండి. ఇంజనీరు ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంజనీరు రోజంతా ఏం చేస్తాడో అన్నం తింటూ తెలుస్తుంది. మన పిల్లలకు ఉద్యోగం పేరు తెలుస్తుంది, లోపలి పని తెలియదు. ఈ కార్మికుల ఊళ్ళో 1949 నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఉంది. కార్మిక సంబంధాల చదువుల కోసం మొదలైన సంస్థ అది. మా బస్తీలో ఎంతమందికి లోపల ఏం చెబుతారో తెలుసు? తెలియకపోతే ఇష్టం ఎలా పుడుతుంది? అందుకని ఒక ఉద్యోగం మీద మనసు పడితే, అది చేస్తున్న ముగ్గురిని వెతికి పట్టుకుని మాట్లాడండి. ఒకరు కొత్తగా చేరినవాళ్ళు, ఒకరు పదేళ్ళు చేసినవాళ్ళు, ఒకరు మానేసినవాళ్ళు. మూడో మనిషి మాట తప్పకుండా వినండి.

"మనకు చేతకాదు" అన్న మాటను ఈ ఊరి చరిత్రతో కొట్టండి. తొలి రోజుల్లో ఇక్కడ ఉక్కు చేసే నైపుణ్యమున్న పనులకు విదేశీయులను తెచ్చుకున్నారు. 1921లో టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి ఇక్కడివాళ్ళకు నేర్పాక ఆ పనులన్నీ ఇక్కడివాళ్ళే చేశారు. నేర్పితే వచ్చేదాన్ని పుట్టుకతో వచ్చేదని చెప్పడమే కులం చేసే మోసం. బొంబాయి బట్టల మిల్లుల్లో జీతం బాగుండే నేత విభాగంలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కాదు. దారాన్ని నోటితో తడపాలి, అందువల్ల మైల అవుతుందని సాకు. 1928 సమ్మె కాలంలో బాబాసాహెబ్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందే పెట్టారు. కంపెనీలో చేరితే చాలు అనుకోకుండా, ఏ విభాగంలో, ఏ పనిలో అని అడగడం మనకు ఆయన నేర్పిందే.

దారి వంకరగా ఉందని కంగారు పడకండి. గుర్రం జాషువా బడిపంతులుగా చేశారు, మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పారు, యుద్ధకాలంలో ప్రచారకుడిగా చేశారు, తర్వాత మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. అన్నింటిలోనూ చేసింది ఒకటే, మాటతో జనాన్ని కదిలించడం. ఉద్యోగాలు మారినా పని మారలేదు. మీకు దొరికిన ఉద్యోగం మీరు కోరుకున్నది కాకపోవచ్చు. మీ పని ఏదో మీకు తెలిసి ఉంటే, ఆ ఉద్యోగంలో కూడా దానికి కొంత చోటు దొరుకుతుంది.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. "టీచరుద్యోగం అయితే ఇంటిపని కూడా చూసుకోవచ్చు" అని మీకు సలహా ఇస్తారు. నేను టీచర్నే, ఈ పని నాకు ప్రాణం. కానీ ఇంటిపనికి వీలుగా ఉంటుందని మాత్రం దాన్ని ఎంచుకోకండి. కులం చేసిన కేటాయింపును కాదని, ఇల్లు చేసిన కేటాయింపుకు తలవంచితే ఎంపిక ఎక్కడుంది?

చివరగా, చేతిలో కొంచెం డబ్బు. వదిలి వెళ్ళే ధైర్యం మాటల్లోంచి రాదు, మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే వస్తుంది. మొదటి జీతం నుంచే అది మొదలుపెట్టండి. మన మీద తమ్ముళ్ళ చదువు, అమ్మ మందులు, చెల్లి పెళ్ళి ఉంటాయి. తెలుసు. అయినా ఆ చిన్న మొత్తం పక్కన పెట్టడం స్వార్థం కాదు. నావల్ భాతేనా లాంటి మిత్రుడు అందరికీ దొరకడు.

అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. దళితుల కోసం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలోనే మొదలైంది. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మన పిల్లలు దాని గడువు దాటిపోయాక తెలుసుకుంటున్నారు. క్లాసులో పాఠం చెప్పే ముందు అయిదు నిమిషాలు ఇవ్వండి. ఏ ఫెలోషిప్ ఉంది, ఏ పరీక్ష ఎప్పుడు, ఏ పత్రం కావాలి. అగ్రకులాల పిల్లలకు ఈ సమాచారం బంధువుల దగ్గర దొరుకుతుంది. మన పిల్లలకు ఆ బంధువులు మీరే.

విద్యార్థులకు, ఇంటికి వెళ్ళాక మీ అమ్మానాన్నలను ఒక ప్రశ్న అడగండి. అవకాశం ఉండి ఉంటే మీరు ఏ పని చేసేవాళ్ళు అని. చాలామంది ముందు నవ్వేస్తారు. వదలకుండా మళ్ళీ అడగండి. వాళ్ళు చెప్పింది విన్నాక మీ దరఖాస్తు నింపడానికి కూర్చోండి.

జై భీమ్.